విడవని ఒక్కపొద్దు

వెదురు లోడుతో కాగితం మిల్లు కాటా మీదికి లారీ ఎక్కించగానే కాటా గుమస్తా కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను దిగమనేవాడు. నా ముందు లారీ డ్రైవరును దిగమనేవాడు కాదు, నా వెనక వాణ్నీ అనేవాడు కాదు. ఇదేం న్యాయమని అడిగితే, వాళ్లు డ్రైవర్లనీ, నేను సరుకు కిందికి వస్తాననీ అన్నాడు. దిగకపోతే నన్ను కూడా వెదురుతో కలిపి గుజ్జు చేస్తారేమోనని నేను గబగబా దిగేవాణ్ని. నన్ను గుజ్జు చేస్తే కాగితం బాగానే వచ్చేది గానీ, దాని మీద రాయడానికి నా చదువే చాలదు. ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నాడు. బెంచీ విరిగింది. అది బాగయ్యేదాకా బడికి రావద్దన్నారు. బాగయిందో లేదో కనుక్కోవడానికి నేను మళ్లీ ఆ దిక్కు పోలేదు.

నా బరువు మా ఇంట్లో అందరికీ వినోదం. రోజూ అందరూ దాని మీద ఒక మాట వేసి నవ్వుకునేవాళ్లే. అటువంటి ఇంట్లో ఒక పిల్ల రోజురోజుకూ కరిగిపోతుంటే ముందుగా చూసింది ఒకే ఒక్క మనిషి. ఆమె మా వదిన, మా అన్న భార్య. నేను చూసిన ధైర్యవంతుల్లో ఆమెను ముందు కూర్చోబెడతాను. ఆ తర్వాతి పీట ఆమె కూతురిది. ఇది ఆ ఇద్దరి సంగతి.

మాది సారపాకకు అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న పల్లె. మా తాతలు భూముల కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరపా పొగాకూ వేశారు. వాళ్ల యాస మా నాలుకల మీద ఎప్పుడో అరిగిపోయింది. అన్న వ్యవసాయం చూసేవాడు. నేను అడవిలో వెదురు నరికే కూపుల నుంచి మిల్లుకు వెదురు తోలేవాణ్ని. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. వదిన నేలకొండపల్లి దిక్కు నుంచి వచ్చిన కోడలు. పొట్టి మనిషి, మాట ఇంకా పొట్టి. వదినా మరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మా దగ్గర అడ్డులేని హక్కు. నేను పొద్దున్నుంచి సాయంత్రందాకా మాటలు రువ్వితే ఆమె తలెత్తకుండా ఒక్క మాట అనేది. ఇంటిల్లిపాదీ దానికే నవ్వేవాళ్లు.

వాళ్లకు ఒక్కతే కూతురు. ఎనభైల నడుమ ఇంటర్ చదవడానికి ఖమ్మంలో హాస్టల్లో పెట్టారు. అక్కడ కామెర్లు వచ్చి, చదువు మధ్యలో ఆపి ఇంటికొచ్చింది. కామెర్లంటే తెలుసు కదా, పథ్యం. ఉప్పు తగలకూడదు, నూనె తగలకూడదు, చప్పిడి మెతుకులు. నా మటుకు నాకు పథ్యమంటే భోజనానికీ భోజనానికీ నడుమ ఊపిరి పీల్చుకోవడం. ఆ పిల్ల మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. చూడవచ్చిన వాళ్లందరూ ఎంత నిగ్రహమని మెచ్చుకున్నారు. మా అమ్మ అయితే మనవరాలి పట్టుదలను వీధి వీధికీ చెప్పి వచ్చింది.

కామెర్లు తగ్గాయి. పథ్యం తగ్గలేదు. తర్వాత దానికి దేవుడు తోడయ్యాడు.

ముందు సోమవారం ఒక్కపొద్దు పట్టింది. మా దగ్గర ఒక్కపొద్దంటే పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దు గూకాక స్నానం చేసి, దీపం పెట్టి ఒక్క పూట తినడం. ఆ తినడాన్ని ఒక్కపొద్దు విడవడం అంటాం. సోమవారం తర్వాత శనివారం వచ్చింది, ఆ తర్వాత గురువారం. ఉగాది నుంచి భద్రాచలంలో రాముడి కల్యాణం దాకా రోజూ ఉంటానని ఒక మొక్కు. కల్యాణం అయిపోయింది, తలంబ్రాలు ఇంటికొచ్చాయి, వాటిని దేవుడి ముందు పెట్టకముందే ఇంకో మొక్కు మొదలైంది. ఒక్కో మొక్కుకూ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి పటం ముందు వేలాడదీసేది. గోడకు మేకులు చాలక మా అన్న మళ్లీ కొట్టాడు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వస్తుందా? పిల్ల సినిమాలు కోరలేదు, చీరలు కోరలేదు, భక్తి కోరింది. అటువంటి పిల్ల ఉన్న ఇల్లు తల ఎత్తుకునే తిరుగుతుంది.

ఆ రోజుల్లో నాకు ఇంకో లాభం కూడా ఉండేది. ఇంట్లో వంటంతా ఆ పిల్లే చేసేది. చింతచిగురు పప్పు, గోదావరి చేపల పులుసు, నెయ్యి కారే అరిసెలు. వండి, అడ్డాకులతో తానే కుట్టిన విస్తళ్లలో వడ్డించి, మేం తింటుంటే కదలకుండా చూస్తూ నిలబడేది. ఇంకొంచెం వేసుకో బాబాయ్ అనేది. నాకు అడిగించుకునే అలవాటు లేదు.

వదిన మాత్రం తింటున్న వాళ్లను చూడలేదు. నిలబడ్డ పిల్లను చూసింది.

ఒక పొద్దున నేను లారీ టైర్లు కడుగుతుంటే ఆమె వాకిలి ఊడుస్తూ నా దగ్గరికి వచ్చి చీపురు ఆపింది. సాయంత్రం దీపం పెట్టగానే ఒక్కపొద్దున్న ఆడవాళ్ల కాళ్లు ఎటు పోతాయో తెలుసా అని అడిగింది. వంటింట్లోకి అన్నాను, నా కాళ్లు అయితే అక్కడే పుట్టాయన్నాను. తన బిడ్డ కాళ్లు బావి దగ్గరికి పోతాయంది వదిన. దీపం పెట్టగానే ఆ పిల్లకు ఎక్కడ లేని పని గుర్తుకొస్తుంది. బర్రెకు కుడితి పెట్టాలి, ఆరేసిన బట్టలు తీయాలి, పక్కింటి ముసలమ్మకు కూర ఇచ్చి రావాలి. వచ్చేసరికి అందరూ తిని లేచి ఉంటారు. మర్నాడు ఎంగిలి విస్తళ్లు పెంటకుప్ప మీద వేయబోతే వాటిలో ఒకటి పొడిగా ఉంటుంది. పులుసు మరక కూడా ఉండదు.

నేను ఏదో నవ్వించబోయాను. ఏం అన్నానో గుర్తు లేదు. ఆమె నవ్వకపోవడం మాత్రం గుర్తుంది.

"మొక్కంటే కోరికుండాలె గదా. దేనికి మొక్కినవే అని అడిగితే చెప్పదు. ఒక్కపొద్దంటే ఇడుసుడుండాలె. ఇడవని ఒక్కపొద్దు యాడన్న ఉంటదా? ఇది దేవుని పని కాదు. నా బిడ్డకు ఏందో అయితంది."

అక్కడి నుంచి వదిన అన్నీ కలిపి చూడటం మొదలుపెట్టింది. విడివిడిగా అందరికీ తెలిసినవే. ఎండాకాలం మా దిక్కు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, బండరాళ్లు కూడా నీడ వెతుక్కుంటాయి. అటువంటి ఎండలో ఆ పిల్ల మిరపకల్లం పక్కన వాళ్ల నాన్న పాత స్వెట్టరు వేసుకుని కూర్చునేది. గాజులమ్మ వచ్చి ఏ కొలత వేసినా గాజులు జారి మోచేతి దాకా పోతుంటే, చివరికి గంప అడుగు నుంచి చంటిపిల్లల గాజులు తీసింది. దువ్వెన నిండా వెంట్రుకలు. మెట్టు ఎక్కితే కళ్లు తిరిగి గోడ పట్టుకోవడం. నెలనెలా ఆడపిల్ల ఇంట్లో దూరంగా కూర్చునే రోజులు మా దగ్గర ఉండేవి. ఆ రోజులు ఆ పిల్లకు రావడం ఎప్పుడో మానేశాయని వదిన నాకు చాలా కాలం తర్వాత చెప్పింది. అమ్మ దాన్ని కూడా మడికి దేవుడిచ్చిన వరమనుకుంది. ఒంటి మీద కండ లేదు, అయినా ఆ పిల్ల అద్దంలో చూసుకుని ముఖం లావుగా ఉందని అనేది. ఆ మాట విన్నప్పుడు భయమేసిందట వదినకు. మిగతావన్నీ ఒంట్లో బలహీనతేమోనని సర్దిచెప్పుకోవచ్చు. ఈ మాటకు సర్దిచెప్పుకునే దారి లేదు.

ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రక్తం తక్కువన్నాడు, సూది వేసి టానిక్కు ఇచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది ఆయన చేశాడు. ఆకలి పుట్టే టానిక్కు అది. ఆకలి పుట్టకపోవడం కాదు ఆ పిల్ల బాధ, పుట్టిన ఆకలిని గెలవడమే ఆమెకు పనైపోయింది. ఆ సంగతి ఆయనకే కాదు, అప్పటికి మాకెవరికీ తెలియదు.

ఈలోపు ఊరు ఇంకో దారి పట్టింది. చిక్కిన ఆ ముఖంలో మా వీధి ఆడవాళ్లకు కళ కనిపించింది. ఒకామె జ్వరం వచ్చిన చంటివాణ్ని తెచ్చి బొట్టు పెట్టమంది. వాడికి జ్వరం తగ్గింది, ఎలాగూ తగ్గేదే. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. మా అమ్మ ఆనందానికి హద్దు లేదు. శుక్రవారం పొద్దున మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి, పసుపూ కుంకుమా ఒడిబియ్యం పెట్టాలని నలుగురూ అనుకున్నారు. అమ్మవారికి పెట్టినట్టు. అన్న ఔననలేదు, కాదనలేదు. మా అన్న ఎప్పుడూ అంతే.

నాకు అందులో తమాషా తప్ప ఏమీ కనిపించలేదు. ఇంట్లో దేవత ఉంటే లారీకి చలాన్లు పడవని కూడా అన్నాను. వదినకు మాత్రం ముందున్నది స్పష్టంగా కనిపించింది. ఒకసారి ఆ పీట ఎక్కితే పిల్లను కిందికి దించడం ఎవరి వల్లా కాదు. దండం పెట్టించుకున్న మనిషి పదిమంది ముందు కూర్చుని అన్నం కలుపుకుని తినలేదు. తినకపోవడం అప్పటిదాకా ఆ పిల్ల ఒక్కదాని పట్టు. ఆ తర్వాత అది ఊరంతటి పట్టు అవుతుంది.

శుక్రవారం పొద్దున్నే వదిన నా దగ్గరికి వచ్చి లారీ ఖాళీగా ఉందా అని అడిగింది. నేనెక్కితే ఖాళీ ఎలా అవుతుందన్నాను.

"నవ్వుడు తర్వాత. బండి తిప్పి పెట్టు. మొహం భద్రాచలం దిక్కుండాలె."

నేను బండి తిప్పి పెట్టే సరికి వాకిట్లో ఆడవాళ్లు పళ్లేలతో వచ్చి ఉన్నారు. పీట వేసి ముగ్గు పెట్టారు. పిల్ల తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడింది. చీర దండెం మీద ఆరేసినట్టుంది. వదిన ఇంట్లోంచి వచ్చి పీట తీసి గోడకు ఆనించింది. మా వదిన అంతవరకు ఆ వాకిట్లో అత్తగారి ముందు గొంతెత్తిన మనిషి కాదు, ఆ రోజు కూడా ఎత్తలేదు. నెమ్మదిగానే అంది.

"దండం పెడత మీకు, నా బిడ్డను దేవతను చెయ్యకుండ్రి. దేవతకు ఆకలుండదు. నా బిడ్డకు ఆకలి గావాలె. దానికి పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్న."

ఇంట్లో పిల్లకు బాగాలేదని పదిమందిలో చెప్పడం మా దిక్కు అలవాటు లేదు. జ్వరమైతే చెబుతాం. ఇటువంటిది చెప్పం, దాచుకుంటాం. వదిన దాన్ని పసుపు పళ్లేల మధ్య పెట్టింది. మా అమ్మ, దేవుడితో పెట్టుకుంటే కళ్లు పోతాయంది.

"పోతే నాయి పోతయ్ అత్తమ్మా. బిడ్డ పోకుంటే చాలు."

పిల్ల కదల్లేదు. తనకేం లేదని, బాగానే ఉన్నానని మెల్లిగా అంది. ఆ గొంతులో కోపం ఉంది, దాని కింద భయమూ ఉంది. వదిన చెయ్యి పట్టి లాగలేదు, తిట్టలేదు, ఏడవలేదు. బాగున్నావని డాక్టరుతో ఒక్క మాట అనిపించుకురా, వచ్చాక నేనే నీకు పీట వేస్తానంది. అంతే. కాసేపటికి పిల్ల గడప దిగింది.

చిన్నప్పుడు ఆ పిల్ల నా లారీ క్యాబిన్‌లోకి కోతిలా ఎగిరి ఎక్కేది. ఆ రోజు మెట్టు మీద కాలు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని అక్కడే ఆగిపోయింది. పైకి లాక్కునే బలం లేదు. కింద నుంచి వదిన ఎత్తితే పైనుంచి నేను అందుకున్నాను. నా చేతిలో బరువే తెలియలేదు. వెదురు మోపులు ఎత్తిన చెయ్యి ఇది, బరువులు బాగా తెలిసిన చెయ్యి. అప్పుడు నాకు వదిన చెప్పిందంతా అర్థమైంది.

పాత లారీ క్యాబిన్ సంగతి ఎక్కిన వాళ్లకు తెలుసు. ఇంజను మన పక్కనే ఉడుకుతుంటుంది. ఎండాకాలం ఆ డబ్బాలో కూర్చుంటే చొక్కా పిండుకోవాల్సిందే. నేను కారిపోతున్నాను, వదిన కొంగుతో మొహం తుడుచుకుంటోంది. పిల్ల ఇద్దరి మధ్యా ముడుచుకుని కూర్చుంది.

"బాబాయ్, జర అద్దం ఎత్తవా. చలి పెడ్తంది."

నేను అద్దం ఎత్తాను. వదిన పిల్ల అరచెయ్యి తీసుకుని, కుంపటి దగ్గర కాచినట్టు వేడి బానెట్టు మీద పెట్టి, పైన తన చెయ్యి ఉంచింది. గోదావరి వంతెన దాటేదాకా అలాగే ఉంచింది. అంత దూరం నేను ఒక్క జోకూ వేయకుండా బండి నడపడం అదే మొదటిసారి.

భద్రాచలం దవాఖానాలో ఒక లేడీ డాక్టరు ఉండేది. పిల్ల నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ పట్టుకుంది. తర్వాత నన్ను బయటికి పంపింది. నేను బల్ల మీద కూర్చోకుండా నిలబడ్డాను, బెంచీలతో నాకు పాత గొడవ ఉంది. లోపల జరిగింది వదిన తర్వాత చెప్పింది. డాక్టరు ముందు పిల్లతో ఒక్కదానితోనే మాట్లాడిందట, తర్వాత తల్లిని పిలిచి ఏం చూసి తీసుకొచ్చారని అడిగిందట. వదిన పొడి విస్తరి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. డాక్టరు మధ్యలో ఎక్కడా ఆపకుండా వింది.

"ఇది మొండితనం కాదమ్మా, భక్తి కాదు, పెంపకంలో లోపం కూడా కాదు. ఇదొక జబ్బు. మనసులో మొదలై ఒంటిని తింటుంది. గుండె ఇప్పటికే మెల్లిగా కొట్టుకుంటోంది. ఇంకొన్నాళ్లు చూద్దామనుకుని ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు. మీరు అనుమానం రాగానే తెచ్చారు. అది తప్పయినా ఫరవాలేదనుకుని తెచ్చారు. అదే కావాల్సింది."

పిల్లను అక్కడే ఉంచుకున్నారు. ఉన్నట్టుండి ఎక్కువగా తినిపించినా ప్రమాదమేనని, కొంచెం కొంచెంగా, వాళ్ల కళ్ల ముందే పెంచుకుంటూ పోయారు. ఒళ్లు కాస్త నిలదొక్కుకున్నాక హైదరాబాదులో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తప్పకుండా తీసుకుపోవాలని రాసిచ్చారు. ఇక్కడ మా అన్న నోరు తెరిచాడు. ఎప్పుడూ తెరవని మనిషి ఆ వేళే తెరిచాడు. పిచ్చి దవాఖానా గడప తొక్కిందని తెలిస్తే రేపు పిల్లకు సంబంధాలు వస్తాయా అన్నాడు.

"సంబంధం తర్వాత చూస్కోవచ్చు. ముందు పిల్లుండాలె గదా" అంది వదిన. అన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి బస్సు ఎన్నింటికో తానే కనుక్కొచ్చాడు.

వెళ్లే ముందు ఇంకో ముడి మిగిలి ఉంది. పిల్లకు మొక్కుల భయం. మధ్యలో మొక్కు తప్పితే ఇంటికి ఏమవుతుందోనని నిజంగానే వణికేది. మా అమ్మకూ అదే భయం. ఆ ముడుపులు కత్తిరించి పారేయమని నేనన్నాను. ఏడో తరగతి బుర్ర. వదిన వాటిని తెంచలేదు. గోడ మీది ముడుపులన్నీ విప్పకుండా తీసి కొంగున కట్టుకుంది. పిల్లను, అత్తగారిని ఇద్దరినీ భద్రాచలం గుడికి తీసుకుపోయి, అవన్నీ హుండీలో వేయించింది. మొక్కులన్నీ చెల్లిపోయాయని, ఇక ఒక్కటీ మిగల్లేదని అక్కడే దేవుడి ముందు అమ్మతోనే గట్టిగా అనిపించింది. మొక్కు తప్పిన పాపం ఎవరికీ రాకుండా, మొక్కు మాత్రం లేకుండా చేసింది. ఇదంతా డాక్టరు చెప్పింది కాదు, వదిన బుర్రలో పుట్టింది. తర్వాత హైదరాబాదు డాక్టరుకు చెబితే ఆయన నవ్వి, మందుల చీటీలో రాయాల్సిన మాట ఇదన్నాడట.

మొక్కులు చెల్లగానే జబ్బు తగ్గిందనుకుంటారేమో. తగ్గలేదు. చాలా కాలం పట్టింది, మధ్యలో మళ్లీ వెనక్కి కూడా పోయింది. హైదరాబాదు బస్సులో తల్లీ కూతుళ్లు ఎన్ని ప్రయాణాలు చేశారో లెక్క లేదు. అక్కడి డాక్టరు పిల్లతో గంటల కొద్దీ మాట్లాడేవాడు. ఇంట్లో వాళ్లందరికీ కూడా మందు రాసిచ్చాడు. నా మందు ఇదీ: భోజనం దగ్గర తిండి మాట, ఒంటి మాట ఎత్తకూడదు. చిక్కావనకూడదు, ఒళ్లు చేశావని కూడా అనకూడదు. తిన్నందుకు మెచ్చుకోకూడదు, తినకపోతే బతిమాలకూడదు. పక్కన కూర్చుని వేరే కబుర్లు చెప్పాలి. ఆ కబుర్ల పని వదిన నాకు అప్పగించింది.

అప్పుడు తెలిసింది నాకు నా దరిద్రం. తిండీ పొట్టా తీసేస్తే నా దగ్గర జోకులే మిగల్లేదు. కూపులో ఎలుగుబంటి నా చెప్పు ఎత్తుకుపోవడం, ఫారెస్టు గార్డు చెట్టెక్కి దిగలేకపోవడం, బురదలో దిగబడ్డ లారీని అవతలి ఆదివాసీ గూడెం వాళ్లు నా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నవ్వుతూనే నెట్టి లేపడం, ఇలాంటివి వెతుక్కోవాల్సి వచ్చింది. సగం నిజం, సగం అప్పటికప్పుడు కట్టినవి. పిల్ల ఎదురుగా విస్తరి ముందు కూర్చునేది. అన్నం కలిపి ముద్ద చేసేది, ముద్దను చూసేది, నోటి దాకా తెచ్చేది, ఆపేది. నుదుటి మీద చెమట పట్టేది. మేం ఎవరం అటు చూసేవాళ్లం కాదు. ఎలుగుబంటి చెప్పు తీసుకుని కొండెక్కుతుంటే ఆ ముద్ద లోపలికి పోయేది. మళ్లీ ఇంకోటి.

నేను వానాకాలం వాగుల్లో లోడు బండి దాటించాను. బ్రేకులు పడని బండితో గుట్ట దిగాను. జనం వాటినే ధైర్యమంటారు. ఆ ముద్ద ముందు అవేం పనులు? వాగు ఒకసారి దాటితే అయిపోతుంది. ఆ పిల్లకు ప్రతి పూటా వాగే, దాటాక మళ్లీ సాయంత్రం ఇంకో వాగు. దాటింది. ఒకరోజు దాటలేక విస్తరి ముందు నుంచి లేచిపోయి, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంది. అలా వచ్చి కూర్చోవడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు, ఎందుకంటే నేను ఆ బెంచీ దగ్గరికి మళ్లీ పోనేలేదు.

ఇదంతా ఎలా మొదలైందని ఒకసారి నేనే అడిగాను, అప్పటికి ఆమె బాగానే తేరుకుంది. తనకూ సరిగా తెలియదంది. చదువు ఆగిపోయాక తన చేతిలో ఏదీ లేదనిపించిందట. పథ్యం నాడు అందరూ మెచ్చుకుంటుంటే, తినకపోవడం ఒక్కటి తన చేతిలో ఉన్నట్టు తోచిందట. పోను పోను అదే తనను చేతిలో పెట్టుకుందట. "అమ్మ చూసింది బాబాయ్. నాకు ఇష్టం లేకున్నా చూసింది" అంది.

వదినను మాత్రం ఎప్పుడు మెచ్చుకోబోయినా మాట తప్పించేది. తల్లి అన్నాక విస్తరి చూడదా అనేది. చూడటం అందరం చూశాం. అమ్మ భక్తిని చూసింది, అన్న ఏదీ కోరని పిల్లను చూశాడు, నేను చేపల పులుసును చూశాను. మాకు కనిపించింది మాకు ఇష్టమైనది. తనకు కనిపించింది తనకు ఇష్టం లేకపోయినా దాన్ని అదే పేరుతో పిలవడం, పిలిచి పదిమందిలో నిలబడటం, తనకు తెలియని దానికి తెలిసిన వాళ్లు ఎక్కడో ఉంటారని బండెక్కడం, ఇవి మా వదిన చేసినవి.

పిల్ల మళ్లీ చదువుకుంది. టీచరైంది, తర్వాత తనకు నచ్చిన వాణ్ని చేసుకుంది. ఆ అబ్బాయికి ముందే అంతా చెప్పింది, అతను విని, అయితే భోజనాల దగ్గర నేనేం కబుర్లు చెప్పాలని అడిగాడట. ఇప్పటికీ ఒంట్లోనో మనసులోనో తేడా అనిపిస్తే తానే డాక్టరు దగ్గరికి పోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

తొంభైలు వచ్చాక ఒక ఎండాకాలం సెలవుల్లో అందరం ఇంట్లో కలిశాం. మధ్యాహ్నం భోజనాలు. వదిన వడ్డిస్తోంది, పిల్ల నా ఎదురుగా కూర్చుని మామిడికాయ పప్పు కలుపుకుంటోంది. మాటల్లో ఆ శుక్రవారం సంగతి వచ్చింది. పిల్లే ఎత్తింది, నవ్వుతూనే ఎత్తింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ రోజు వదిన పీట ఎత్తకపోయి ఉంటే ఈపాటికి మన వాకిట్లో పెద్ద గుడి లేచేదని, కొబ్బరిచిప్పలు, పులిహోర అన్నీ నా ఆధీనంలోనే ఉండేవని, ఈ లారీ చాకిరీ తప్పేదని, మంచి అవకాశం పాడుచేశారని అన్నాను.

వదిన ఏదో అనబోయింది. ఈసారి కూతురు ముందే అందుకుంది. నోట్లో ముద్ద పెట్టుకుని, తొందర లేకుండా నమిలి మింగి, నా విస్తరి వైపు చూసి అంది:

"ఏం పోయింది బాబాయ్, ఇప్పుడైనా కడదాం. పీట మీద నువ్వే కూసో. పెట్టిన నైవేద్యం దేవుడు నిజంగ తినే గుడి ఇదొక్కటే ఉంటది."